నలభై రెండుమంది నాయకులు, ఒక టీసీ

"రేపటి విద్యా నాయకులను ఈరోజే తయారు చేస్తాం. అదీ సాయంత్రం అయిదింటికల్లా!"

మా దేవానందం సారు మైకులో ఈ ప్రకటన చెయ్యగానే హాలు చప్పట్లతో మారుమోగింది. నరసరావుపేటలో అంత కచ్చితమైన టైముకి తయారయ్యేది ఇంకేదీ లేదు. బస్సులు కూడా.

సారు మా ప్రత్యేక విద్యా పర్యవేక్షణ కార్యాలయానికి అధిపతి. నేను ఆ ఆఫీసులో అటెండరుని, పేరు ఇన్నయ్య, మాది బొల్లాపల్లి. ముప్పై మూడేళ్ళ సర్వీసులో సారుకి ఒక్క మెమో లేదు, ఒక్క ఎంక్వయిరీ లేదు. అలాంటి అనుభవాన్ని వృథా పోనివ్వకూడదని పైవాళ్ళు నలభై రెండుమంది హెడ్మాస్టర్లను ఏరి ఆయన చేతిలో పెట్టారు.

మొదటి పాఠం పెన్ను.

"మీలో ఎంతమంది జేబులో పెన్ను ఉంది?"

నలభై రెండు చేతులు లేచాయి.

"తీసి సంచుల్లో పడెయ్యండి. పెన్ను కనబడితే జనం సంతకం అడుగుతారు. కనబడకపోతే సలహా అడుగుతారు. నాయకుడు ఎవరు?"

"సలహా ఇచ్చేవాడు సార్!"

రెండో పాఠం నాలుగు మాటలు. చూద్దాం, పంపుదాం, చర్చిద్దాం, రేపు. ఈ నాలుగింటితో ముప్పై మూడేళ్ళు ఎలా గడిపాడో సారు చెబుతుంటే నూజెండ్ల హెడ్మాస్టరు లీలావతి గారు కళ్ళు తుడుచుకున్నారు. గాలిలో చేత్తో రాస్తూ అందరూ ఆ మాటలు వల్లె వేస్తున్నారు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కుల్సుం, ఆమె కూతురు ఉజ్మా లోపలికి వచ్చారు.

కుల్సుం మొగుడు మెకానిక్కు. మొన్నటిదాకా మిర్యాలగూడలో ఉండి, ఇప్పుడు పేటలో షెడ్డు పెట్టుకున్నాడు. ఉజ్మా పదో తరగతి అక్కడే చదివింది. ఇక్కడ పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. అయితే కృష్ణ దాటి వచ్చిన టీసీ మీద మా సారు సంతకం కూడా ఉంటేనే కాలేజీవాళ్ళు చేర్చుకుంటామన్నారు. గడువు ఆ రోజు అయిదింటి వరకే.

"నాలుగు దినాల నుంచి తిరుగుతున్నా సారూ. అయిదు దాటితే నా బిడ్డ సీటు ఇంకోళ్ళకి పోద్ది. ఒక్క సంతకం."

సారు ముఖం వెలిగిపోయింది.

"లైవ్ కేస్ స్టడీ!" అన్నాడు. "కూర్చోమ్మా, కూర్చో. నీలాంటివాళ్ళు లేకపోతే మాకు ట్రైనింగ్ ఎక్కడిది? ఊఁ, ఎవరు డీల్ చేస్తారు?"

లీలావతి గారు ముందు లేచారు.

"ఇది ఒరిజినలేనామ్మా?"

"ఒరిజినలే మేడం."

"ఒరిజినల్ అని రాసి ఎక్కడుంది?"

"జిరాక్స్ మీదయితే జిరాక్స్ అని రాసి ఉంటదా మేడం?" అంది ఉజ్మా.

"పాయింటే," అన్నాడు సారు. "పాయింటు వచ్చినప్పుడు ఏం చెయ్యాలి?"

"చర్చిద్దాం!" అంది హాలు.

తర్వాత గురజాల వైపు హెడ్మాస్టరు రవికుమార్ లేచాడు. టీసీని ఫ్యాను గాలికి ఆడిస్తూ, "సార్, ఈ కాగితం నది దాటి వచ్చింది. ఎక్కడ దాటింది, వంతెన మీదా, పడవ మీదా? అది తేలకుండా సంతకం పెడితే రేపు నీళ్ళ తగాదాలో మనల్ని సాక్ష్యానికి పిలుస్తారు. ఇరిగేషన్ వాళ్ళ అభిప్రాయానికి పంపుదాం," అన్నాడు.

సారు స్టేజీ దిగొచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు. "నాకీ ఆలోచన రావడానికి ఇరవై ఏళ్ళు పట్టిందయ్యా!"

మూడో ఆయన ప్రభు ఏకంగా కమిటీ వేసేశాడు. అన్ని పక్షాలకూ న్యాయం జరగాలని ఉజ్మాని కూడా అందులో సభ్యురాలిని చేశాడు.

"అయితే కమిటీలో నేను ఒప్పుకుంటున్నా సార్. పెట్టెయ్యండి," అంది ఉజ్మా.

"కోరం లేదు పాపా."

"ఏంది సారూ ఇది!" కుల్సుం గొంతు పెరిగింది. "టైము మూడున్నరయింది!"

"గమనించండి," సారు హాలు వైపు తిరిగాడు. "ప్రజల్లో ఎప్పుడూ ఉండే లోపం ఇదే. టైమ్ మేనేజ్‌మెంట్. అమ్మా, నువ్వు రేపు రా."

నాలుగో మాట అంత సహజంగా రావడం చూసి శిష్యులంతా లేచి నిలబడ్డారు.

తల్లీకూతుళ్ళు వరండాలోకి వచ్చి గోడకి చేరగిలబడ్డారు. కుల్సుం మరిది జాన్ సాహెబ్ గేటు దగ్గర ఆటో పెట్టుకుని, "ఏమైంది వదినా?" అని రెండుసార్లు అరిచాడు. ఆమె ఆగమని చేత్తోనే సైగ చేసింది. ఉజ్మా టీసీని చున్నీ కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

నాలుగుంబావుకి ప్రెస్సు నుంచి సర్టిఫికెట్లు వచ్చాయి. "భావి విద్యా నాయకుడు" అని బంగారు అక్షరాలు. కింద సారు సంతకానికి చోటు. సారు కట్ట నా చేతికిచ్చి, "ఇన్నయ్యా, ఎప్పట్లాగే," అన్నాడు.

నేను వరండాలో నా స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. సారు సంతకం పదకొండేళ్ళుగా నేనే పెడుతున్నాను. ఒకసారి బ్యాంకులో ఆయనే స్వయంగా పెడితే, సంతకం కలవలేదని ఫారం వెనక్కి ఇచ్చారు. చివరికి నేను వెళ్ళాల్సి వచ్చింది.

కుల్సుం నా చేతి వైపే చూస్తోంది.

"ఇన్నయ్యన్నా, సారుది నువ్వు పెడతన్నావేంది?"

"చెయ్యి నాది చెల్లెమ్మా. హోదా ఆయనది."

"మరి నా బిడ్డది కూడా గీకెయ్యి. నీకు పుణ్యముంటది."

"అదెట్టా కుదురుద్ది? సారు పంపిన కట్టలో ఉన్నవాటికే పెట్టాల. ఇంకోదానికి పెడితే ఫోర్జరీ అంటారు."

ఆమె నా ముందున్న కట్ట వైపు, కూతురి చేతిలో టీసీ వైపు చూసింది.

"కాసిని మంచినీళ్ళు ఇయ్యన్నా. గొంతెండిపోయింది."

లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాను. కట్ట కొంచెం లావెక్కినట్టు అనిపించింది. పనిలో పడితే నేను పైన ఏం రాసుందో చదవను. సంతకం, ముద్ర. సంతకం, ముద్ర. పూర్తయ్యేసరికి నలభై మూడు తేలాయి. లెక్కలు సెక్షన్ క్లర్కు పని, అటెండరు పని కాదు.

నాలుగున్నరకి సారు స్టేజీ ఎక్కి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. శాలువా, సర్టిఫికెట్టు, ఫోటో. రవికుమార్ అయ్యాడు, లీలావతి గారు అయ్యారు. తర్వాతి కాగితం తీశాడు. ముద్ర పడిన కాగితాన్ని అనుమానించే అలవాటు సారుకి లేదు.

"ఉజ్మా గారు!"

ఉజ్మా పరుగున స్టేజీ ఎక్కింది. సారు శాలువా కప్పి, టీసీని రెండు చేతులతో అందించి కెమెరా వైపు నవ్వాడు.

"ఏ బడమ్మా మీది?"

"మిర్యాలగూడ సార్."

సారు మైకు లాక్కున్నాడు. "మన శిక్షణ అంతర్రాష్ట్ర స్థాయికి చేరిందని సవినయంగా మనవి చేస్తున్నాను! ఈ యువ నాయకురాలు రెండు మాటలు మాట్లాడతారు."

ఉజ్మా గోడ గడియారం చూసింది. నాలుగూ నలభై.

"నాకు టైము లేదు సార్," అని శాలువాతోనే దిగి పరిగెత్తింది.

"అదీ!" సారు బల్ల మీద చరిచాడు. "అదీ నాయకత్వమంటే! పొద్దుట్నించీ నేను మొత్తుకుంటున్నది అదే!"

నలభై రెండుమంది ఆ పిల్ల వెళ్ళిన గుమ్మం వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. బయట జాన్ సాహెబ్ ఆటో అప్పటికే స్టార్టయి ఉంది.

అయిదుకి ఇంకా రెండు నిమిషాలుందనగా కుల్సుం ఫోను చేసింది. "సీటు రాసుకున్నారన్నా! సంతకం చానా బాగుందన్నారు!"

"సారుకి చెబుతాలే," అన్నాను.

ఇక మిగిలింది సర్టిఫికెట్టు ముట్టినట్టు రిజిస్టరులో నాయకుల సంతకాలు. రిజిస్టరు హాల్లోకి పంపించాను. మొదటి వరుసలో ఒకాయన దాన్ని తీసుకుని "చూద్దాం" అని పక్కకి జరిపాడు. పక్కాయన వెనక్కి పంపాడు. వెనకాయన చర్చిద్దామన్నాడు. హాలంతా తిరిగి అది తెల్లగా నా స్టూలు దగ్గరికే వచ్చింది.

దాని వెనకే నలభై రెండుమందీ వచ్చారు. ఒకరి వెనక ఒకరు, చక్కగా వరుసలో నిలబడ్డారు. అందరికంటే ముందు రవికుమార్.

"అన్నా," అన్నాడు వంగి, మెల్లగా, "నాది కుడిపక్కకి కొంచెం వాలి ఉంటది. కింద గీత, గీత కింద రెండు చుక్కలు."

నేను పెన్ను మూత తీశాను.