ఆఫ్రికా ప్లాన్ వర్ధిల్లాలి!

ప్రయాణాలు మానేయండి. ప్లాన్లు వేయండి!

ఒళ్లు కదలని ముసలిది చెబుతున్న మాటే కదా అని తీసిపారేయకండి. ప్లాన్ వల్ల సంసారాలు బాగుపడతాయి. ఆలుమగలు మాట్లాడుకుంటారు. చివరికి దోమలు కూడా చస్తాయి. ప్రయాణం వల్ల ఏమవుతుంది? మనుషులు వెళ్లిపోతారు. అంతే కదా!

నాకు ప్రయాణాల సంగతి తెలియదనుకోకండి. నకిరేకల్ బస్టాండులో నిలబడి నేను సాగనంపిన వాళ్లు ఒకరా ఇద్దరా? తోబుట్టువులను పంపాను. ఆడబిడ్డలను పంపాను. పట్నం దవాఖానకని మా ఆయనను పంపాను. తిరిగొచ్చిన వాళ్లున్నారు, రాని వాళ్లున్నారు. బస్సు ముందు భాగం నాకు అంత గుర్తుండదు గానీ, వెనక అద్దాన్ని కళ్లు మూసుకుని బొమ్మ గీయగలను.

అందుకే పోయిన ఏడాది మా మనవరాలు వర్షిత "అవ్వా, మేం ఆఫ్రికా పోతున్నం" అన్నప్పుడు నా గుండె జారిపోయింది. రెండు వారాలట! మొదటి వారం కెన్యా, టాంజానియా అడవుల్లో జీపెక్కి సింహాలను వెతకడం. రెండో వారం జాంజిబార్ అనే దీవిలో, ఆ వెతికిన అలసట తీరేదాకా సముద్రం ఒడ్డున పడుకోవడం.

మా కమలాకర్‌కు నకిరేకల్‌లో నిమ్మకాయల కమీషన్ దుకాణం. కోడలు నిరోష సర్కారు బడిలో టీచరు. వాళ్ల బిడ్డే వర్షిత, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. దసరా సెలవుల్లో ముగ్గురూ పోతారు. నన్ను కూడా రమ్మన్నారు. చౌటుప్పల్ దాటకముందే నాకు వాంతులవుతాయని అందరికీ తెలుసు కాబట్టి ధైర్యంగానే రమ్మన్నారు.

గుండె జారిందన్నాను కదా, తర్వాత జరిగింది వినండి. ప్లాన్ వేయడానికి వర్షిత శనివారం ఇంటికి వచ్చింది. పై శనివారం మళ్లీ వచ్చింది! రెండు గంటల దూరంలో ఉంటూ పండగకూ పబ్బానికీ తప్ప రాని పిల్ల, "టైం లేదవ్వా" అనే మాటతోనే ఫోన్ మొదలుపెట్టే పిల్ల, వారం వారం వచ్చి నా మంచం మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. నేను సర్వపిండి ముక్కలు తుంచి ఇస్తుంటే, తింటూ సింహాల అడ్రసులు వెతికింది.

ఇప్పుడు చెప్పండి. చెరువుగట్టు రామలింగేశ్వరుడికి ఎన్నిసార్లు మొక్కినా రాని పిల్లను ఆఫ్రికా సింహం మెడ పట్టి తెచ్చిందా, లేదా?

ఇదొక్కటే కాదు. ఏళ్ల తరబడి గ్యాస్ బండ గురించి, కరెంటు బిల్లు గురించి తప్ప మాట్లాడుకోని మా కొడుకూ కోడలూ ఇప్పుడు ఏనుగుల గురించి పోట్లాడుకున్నారు.

"ఏనుగుల కాడ ఒక్క పూట సాలు" అన్నాడు వాడు.

"ఒక్క సూపుల తేల్చనీకె అది నిమ్మకాయల బస్తానా?" అన్నది ఆమె.

ఎంత ముచ్చటగా ఉందో! పెళ్లయిన కొత్తలో కూడా వాళ్లు ఇంత మాట్లాడుకోలేదు.

అక్కడ మలేరియా ఉందని చదివిన నిరోష, ఇక్కడి కూలర్లో నీళ్లు పారబోసింది. మురిక్కాలువలో మందు చల్లించింది. ఆఫ్రికా దోమకు భయపడి నకిరేకల్ దోమ వంశం నాశనమైంది! మున్సిపాలిటీలు కూడా వార్డుకొక ఆఫ్రికా ప్లాన్ మంజూరు చేస్తే బాగుంటుందని నా మనవి.

ఇక విజ్ఞానం సంగతి. అక్కడ ఒక ఏరు ఉందట. లక్షల పశువులు గుంపులు గుంపులుగా దాటుతాయట. మొసళ్లు నోళ్లు తెరుచుకుని కాచుకుంటాయట. మా వీధి ఆటో సైదులు కూడా ఆటో ఆపి అడిగేవాడు, "ఏమాయె పెద్దమ్మా, పశువులు ఏరు దాటినయా?" అని. వర్షిత నాకు ఆ వీడియో చూపించింది. ఒక దూడ తల్లి నుంచి తప్పిపోయి, అవతలి ఒడ్డుకెక్కి అటూ ఇటూ చూస్తోంది.

"దానికి తల్లి దొరికిందా?" అన్నాను.

"వీడియో ఆడికే అయిపోయిందవ్వా."

అదేం వీడియో! అసలు సంగతి చూపించకుండానే అయిపోతుందా?

ఇంత మేలు చేసే ప్లాన్‌ను కాపాడుకోవడం ఇంటి పెద్దగా నా బాధ్యత కాదా? అది తొందరగా పూర్తి కాకుండా నాకు చేతనైన సాయం చేశాను. వారానికొక సందేహం! టాంజానియాలో పెరుగు తోడుకుంటుందా? సింహం ఎదురుగా ఉన్నప్పుడు జీపు చెడిపోతే దిగి నెట్టేది ఎవరు? జాంజిబార్‌లో సముద్రం పొద్దున చాలా దూరం వెనక్కి పోయి మళ్లీ వస్తుందంటున్నారు, రాకపోతే ఎవరిని అడగాలి? అది రోజూ వస్తుందని వర్షిత ఒట్టేసి చెప్పింది. సరే, సముద్రానికి ఇంటి ధ్యాస ఉందని ఒప్పుకున్నాను.

అయినా ఎంత ఆపినా పండు పండక మానదు. ఒక శనివారం టికెట్లు కొనేశారు. దసరా సెలవులిచ్చాక వచ్చే ఆదివారం ప్రయాణం!

"ఆదివారం పడమరకు వారశూల, అటు దిక్కు పోవద్దు" అన్నాను.

"అమ్మా, విమానం తిథి వారం సూస్కొని లేస్తదా?" అన్నాడు కమలాకర్.

కానీ నిరోష ముఖంలో రంగు మారింది. పిల్లలకు సైన్సు చెప్పే మనిషే గానీ, సైన్సు బడిలో, శూల ఇంట్లో. "దీనికేం మార్గం లేదా అత్తమ్మా?" అని అడిగింది.

ఉంది. ప్రస్థానం పెట్టాలి. మంచిరోజున మనిషి కదలలేకపోతే, ఆ మనిషి సంచిని బయలుదేరదీసి పక్కింట్లో పెడతారు. ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. సంచి మళ్లీ సొంత గడప లోపలికి రాకూడదు. ప్రయాణం రోజున దాన్ని బయటి నుంచి బయటికే తీసుకుని సాగిపోవాలి. నేనింకో మాట కూడా చెప్పాను. "ఉత్త బట్టలు పెడితే లెక్కల రాదు బిడ్డా. అది లేకుంటే అడుగు ముందుకు పడదు అనేటిది పెట్టాలె."

ప్రయాణానికి ముందు గురువారం మంచిరోజని పొద్దున్నే నిరోష పక్కింటి గోవిందమ్మకు సంచి అప్పగించి వచ్చింది.

మిగతా సంచులను కమలాకర్ దుకాణం కాంటా మీద తూచాడు. అడవిలో దిగే చిన్న విమానం పదిహేను కిలోలకు మించి ఒప్పుకోదట. అన్నీ సరిగ్గా సరిపోయాయన్నాడు. రైతుల నిమ్మకాయలు తూచే చెయ్యి కదా! అలవాటు కొద్దీ సంచుల తూకంలో కూడా తరుగు కింద కొంత కొట్టేశాడని విమానం దగ్గర గానీ తెలియలేదు. అక్కడ తరుగు చెల్లదట. నేను పెట్టిచ్చిన నిమ్మకాయ తొక్కు డబ్బా అక్కడే ఆగిపోయింది.

ఆదివారం తెల్లారింది. మధ్యాహ్నం బయలుదేరే ముందు సంచి తేవడానికి పోతే గోవిందమ్మ ఇంటికి తాళం!

"ఏడికి వోయిందమ్మా?" అన్నాడు కొడుకు.

"అమ్రాబాద్, బిడ్డ కాడికి. నిన్ననే వస్తనన్నది" అన్నాను.

"ఫోన్ కలుస్తలేదు! ఆ అడవిల సిగ్నల్ ఎక్కడిది!"

అప్పుడు నిరోష చిన్నగా చెప్పింది, మూడు పాస్‌పోర్టులూ సూదిమందు వేయించుకున్న కార్డులూ ఆ సంచిలోనే ఉన్నాయని.

"పాస్‌పోర్టులు పక్కింట్ల పెట్టుడేందే మమ్మీ? లోకంల ఎవరన్న పెడ్తరా?" అని అరిచింది వర్షిత.

నిరోష నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

"తాళం పగలగొడ్త" అన్నాడు కమలాకర్.

"శుభమా అని పోతుంటే తాళం పగలగొడ్తవా?" అన్నది నిరోష.

కిటికీలోంచి చూశారు. మంచం ఉంది, కుండ ఉంది, సంచి మాత్రం లేదు!

నాకు లోలోపల సంతోషం వేసి ఉంటుందని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. అనుకోండి. కానీ వర్షిత గోవిందమ్మ గడప మీద కూలబడింది. తిండి మాని, నిద్ర మాని సింహాలను వెతికిన పిల్ల ముక్కు తుడుచుకుంటూ కూర్చుంది. ఆ ముఖం చూశాక, "పోతే పోనీ, సంచి దొరకనీ స్వామీ" అని మొక్కాను. మనిషిని సాగనంపమని నేను దేవుడికి మొక్కడం ఇదే మొదటిసారి.

ఆయన ఈసారి మాత్రం వెంటనే విన్నాడు! సైదులు ఆటో వచ్చి ఆగింది. అందులోంచి గోవిందమ్మ దిగింది. చంకలో సంచి!

"పరాయి సొమ్ము ఇంట్ల వెట్టి తాళమేసి పోవుడు నాతోని గాదు యాదక్కా! అందుకే నా ఎంట తీస్కపోయిన. తలకింద పెట్టుకొని పండుకున్న. నిన్న వద్దామంటే మనవడు కొంగు ఇడ్వలే. పొద్దుగాల ఫస్టు బస్సుకు వస్తుంటే, మన్ననూరు దాటినంక రోడ్డుకు అడ్డంగ పులి! ఇగో, గింత దూరంల. డ్రైవర్ బస్సు ఆపిండు. అది మమ్మల్ని జర సేపు సూసింది, మేం దాన్ని సూసినం. పోయింది."

వర్షిత సంచి లాక్కుని పాస్‌పోర్టులు లెక్కపెట్టింది. మా వాళ్ల పాస్‌పోర్టులు వాళ్లకంటే ముందే సఫారీ చేసొచ్చాయి! అదీ గోవిందమ్మ ఒళ్లో కూర్చుని, ఆడవాళ్లకు ఉచితమని ఆధార్ చూపించి తీసుకున్న జీరో టికెట్ మీద!

తర్వాత కారెక్కి వెళ్లారు. కారుకు కూడా వెనక అద్దం ఉంటుంది.

రెండు వారాలకు తిరిగొచ్చారు. సింహాన్ని చూశారట. అది పడుకుని ఉందట, తోక మాత్రం కదిలిందట. సముద్రం మాట తప్పకుండా రోజూ వచ్చిందట. "ఆ దూడకు తల్లి దొరికిందా?" అని అడిగాను. "లక్షల పశువుల్ల ఏ దూడనని సూసేదవ్వా?" అని నవ్వి, వర్షిత ఒక్క పూట ఉండి పట్నం వెళ్లిపోయింది.

మొదటి శనివారం అలసట అనుకున్నాను. తర్వాతి శనివారం పనుందేమో అనుకున్నాను. ఆ తర్వాత సర్వపిండి చేసి సైదులుకు పెట్టాను. కమలాకర్ నిమ్మకాయల్లో పడ్డాడు. నిరోష గ్యాస్ బండ గురించి మాట్లాడుతోంది. దోమలు కూడా తిరిగి వచ్చాయి. అవైనా వచ్చాయి!

ఆగలేక ఫోన్ చేశాను. "ఒక్కసారి వచ్చిపోరాదు బిడ్డా?"

"ఎందుకవ్వా? ఏం పనున్నది?"

పనా? నాకు ఏ పనీ తోచలేదు. సింహం దగ్గరికి ఏం పనుందని వెళ్లారో నేను అడిగానా? పడుకున్న సింహాన్ని చూడడానికి సముద్రాలు దాటవచ్చు గానీ, కూర్చున్న ముసలిదాన్ని చూడడానికి పనుండాలా?

ఇదేదీ నేను ఫోన్లో అనలేదు. గొంతు సవరించుకుని, "పని కాదు గని, భూమికి అడుగు బొడ్డున అంటార్కిటికా అని ఒకటున్నదట. మొత్తం మంచేనట. మనుషులే ఉండరట. మీరు సూస్తే బాగుండు అనిపించింది" అన్నాను.

అవతల ల్యాప్‌టాప్ టకటకలాడింది. తర్వాత, "నీకెట్ల తెల్సవ్వా? మస్తుంటదంట! ఆగు, నేను శనివారం వస్త" అంది.

వస్తోంది. సర్వపిండికి బియ్యప్పిండి కలిపి పెట్టాను. సందేహం కూడా సిద్ధంగా ఉంది. మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి శూల కదా. భూమికి ఆ అడుగు బొడ్డు మీద నిలబడితే ఎటు చూసినా ఉత్తరమేనట. మరి ఆరు నెలలు పొద్దు కుంకని ఆ చోట ఆ రెండు రోజులూ ఎప్పుడు దాటాయని తెలుసుకుని ఇంటికి బయలుదేరాలి? మా పంతులునడిగాను. పంచాంగం మూసి, చూసి చెప్పాలన్నాడు. ఏడాదైనా పడుతుందట.

పట్టాలి.