స్నానాలగదిలో ఇంటర్వ్యూ

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చిన్నదే. భార్య క్లాసులకు వెళ్ళగానే జుట్టుకు రంగేసుకుని, స్నానాలగది అద్దం ముందు నాలుగు జవాబులు వల్లించుకుని, మధ్యాహ్నం చప్పుడు కాకుండా ఇంటర్వ్యూకి వెళ్ళి రావడం. ఆయన మేనేజరుగా ఉన్న ప్రింటింగ్ ప్రెస్సు ఈమధ్యే మూతబడింది. భార్యేమో బడిలో చేరబోయే పిల్లల దగ్గర్నుంచి ఉద్యోగాలు వెతుక్కునే పట్టభద్రుల దాకా అందరికీ ఇంటర్వ్యూలు నేర్పే టీచరమ్మ. అయినా ఆవిడను అడగడానికి ఆయనకు నోరు రాలేదు.

రంగు పూసుకుని, తలుపు గడియ వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఒక్కచోటే నమ్మకంగా పడున్నానండీ. ఇక అక్కడ నాకేం మిగల్లేదు. వయసు మీదపడినా ఉత్సాహం తగ్గలేదు. మీరు ఊ అంటే రేపే వచ్చేస్తాను మేడమ్!"

తలుపు అవతల, ఉతికిన తువ్వాలు ఇవ్వడానికి వచ్చిన అత్తగారు ఆ మాటలన్నీ వింది. రంగు వాసన కూడా గుప్పుమనేసరికి ఇక అనుమానమే లేకపోయింది. గబగబా పక్కింటికి వెళ్ళి చెప్పుకుంది, ఎదురింటికి వెళ్ళి ఏడ్చింది, ఆ తర్వాతే కొడుక్కి ఫోను చేసింది.

బావమరిది వచ్చి తలుపు బాదేటప్పటికి, ఆయన తన బలహీనతలేమిటో తేలక తంటాలు పడుతున్నాడు.

"బావా! ఎవరావిడ?"

మధ్యాహ్నం తనను ఇంటర్వ్యూ చేయబోయే డైరెక్టరమ్మ సంగతి వీడిదాకా ఎలా పాకిందో ఆయనకు అర్థం కాలేదు. "నీకెవరు చెప్పారోయ్? మీ అక్కతో మాత్రం అనకు. ముందు ఆవిడ సరేననాలి కదా!"

"ఇంకా సరేనన్లేదా?" అన్నాడు బావమరిది నీరసంగా. వెంటనే అక్కకి ఫోను కొట్టాడు.

టీచరమ్మ పాఠం మధ్యలో వదిలేసి, చాక్‌పీసు చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. ఏం కొంప మునిగిందో తెలియక క్లాసంతా ఆవిడ వెనకే వచ్చింది.

ఆయన తలుపు తీసేసరికి హాలు నిండా జనం. నుదుటి మీంచి రంగు కారుతోంది.

"ఎక్కడికండీ వెళ్ళిపోతున్నారు?" అంది టీచరమ్మ.

"ఇంటర్వ్యూకి."

అత్తగారు తువ్వాలుతో మొహం కప్పుకుంది.

"ఊరందరికీ నేర్పుతానే, మీకు నేర్పనా? నాతో ఒక్క ముక్క అనొచ్చు కదా!"

"నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ ఇంటర్వ్యూలో తప్పలేదంటారు. ఆ పేరు కాస్తా నావల్ల పోతుందేమోనని..."

టీచరమ్మ చాక్‌పీసు పక్కన పడేసింది. అత్తగారి మొహం మీది తువ్వాలు లాక్కుని ఆయన నుదురు తుడిచింది. తర్వాత ఓ కుర్చీ జరిపింది.

"కూర్చోండి. పిల్లలూ, అడగండర్రా!"

కళ్ళజోడు అమ్మాయి మొహమాటపడుతూనే మొదలుపెట్టింది. "మీ బలహీనత ఏమిటి సార్?"

ఆయన భార్య వంక చూశాడు. "సాయం అడగాల్సిన మనిషిని అడగలేనమ్మా."

"అక్కడా ఇదే చెప్పండి," అంది టీచరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

సాయంత్రం ఆయన ఉద్యోగంతో తిరిగొచ్చాడు. వల్లించుకున్న జవాబుల్లో ఒక్కదానికీ పని పడలేదట. చెవి మీద ఆ నలుపేమిటని డైరెక్టరమ్మ అడిగితే, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడట.

పొద్దున వెళ్ళిన ఇళ్ళకే వెళ్ళి ఈ కబురు కూడా చెప్పి రమ్మంటే, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి.