మూగగదికి వచ్చిన ఓటీపీ

ఎంత మొత్తుకున్నా బదులు రాని చోట్లు లోకంలో రెండే: ఒకటి అనుమతుల కార్యాలయం, రెండోది ప్రతిధ్వని లేని గది. మొదటిది దానంతటదే ఏర్పడుతుంది. రెండోది కట్టడానికి ఇంజనీర్లు కావాలి.

అంతరిక్షంలో గోడలుండవు. అందుకని ఉపగ్రహానికి బిగించే యాంటెనాను, గోడలున్నా లేనట్టుండే గదిలో పరీక్షిస్తారు. నిలువెల్లా నీలం స్పాంజి ముళ్ళు. తగిలిన రేడియో తరంగం తిరిగి రాదు, బయటి తరంగం లోపలికి దూరదు. గోడలకు చెవులుంటాయంటారే, ఈ గోడలకు చెవులే తప్ప నోరు లేదు.

ఆ గదికి పెద్ద, అందరూ ‘పిన్నిగారు’ అనే ఇంజనీరమ్మ. సాయంత్రం అయిదుకు యాంటెనా లారీ ఎక్కాలి. ఎక్కకపోతే ఉపగ్రహం వేరే యాంటెనాతో వెళ్ళిపోతుంది, ఆవిడ మూడేళ్ళ కష్టం అటకెక్కుతుంది. ఇంతలో కొత్త నిబంధన పద్నాలుగు (బి) దిగింది: పరీక్షించేవారు గదిలోనే ఉండి, తలుపు మూసుకుని, ఫోనుకొచ్చిన ఓటీపీని గోడ టాబ్లెట్‌లో రెండు నిమిషాల్లో కొట్టవలెను. ఈలోగా తలుపు తెరిస్తే ఫారం మళ్ళీ మొదటికి. (టాబ్లెట్‌కు తీగ ఉంది. ఫోనుకు లేదు.)

పిన్నిగారు అనుమతుల అధికారి దగ్గరికి పరుగెత్తారు.

“ఫోను కాస్త పైకెత్తి చూశారా అమ్మా?”

“సిగ్నల్ రాకూడదనే కదండీ ఆ గది కట్టింది!”

“ఎందుకు కట్టారో నాకనవసరమమ్మా. రావాలని రూలుంది.”

నాలుగున్నరయింది. యాంటెనా నిలబెట్టే బల్లను బయటినుంచి మోటారుతో తిప్పే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, తిరగలి బాబాయ్. పిన్నిగారు తన ఫోను ఆయన చేతిలో పెట్టారు.

“బాబాయ్, నంబరొస్తే బల్ల కదుపు. మూడొస్తే మూడు కుదుపులు. సున్నాకి వెనక్కొకటి.”

“అన్నీ తొమ్మిదులొస్తే యాంటెనాకి కళ్ళు తిరుగుతాయేమోనే అమ్మాయ్!”

“ముందు నాకు తిరుగుతున్నాయి. కానీయ్!”

ఆవిడ లోపలికెళ్ళగానే తలుపు మూసుకుంది. బల్ల మూడుసార్లు కదిలి ఆగింది. ఒకసారి. వెనక్కి ఒకసారి. మళ్ళీ రెండు. మూడు, ఒకటి, సున్నా, రెండు! టాబ్లెట్ ‘ధన్యవాదములు’ అంది. అనుమతి కోసం మనుషులు బల్లల చుట్టూ తిరగడమే గానీ, మనిషి కోసం బల్ల తిరగడం కార్యాలయ చరిత్రలో ఇదే మొదలు.

చకచకా పరీక్ష ముగిసింది. యాంటెనా పాసయింది, అయిదుకు రెండు నిమిషాలుండగా లారీ ఎక్కింది. “నేను తిప్పితే ఉపగ్రహమైనా తిరగాల్సిందే!” అని బాబాయ్ మీసం తిప్పాడు. పిన్నిగారు పడీపడీ నవ్వారు.

మర్నాడు తాఖీదు వచ్చింది: “తలుపు మూసియుండగా ఓటీపీ అందినందున, సదరు గదిలోకి సిగ్నల్ దూరుచున్నట్లు రుజువైనది. గది పనికిరానిదిగా ప్రకటించడమైనది. అభ్యంతరమున్నవారు సదరు గదిలో నిలబడి, తలుపు మూసుకుని, ఓటీపీతో విన్నవించుకొనవచ్చును.”