రెండు వేల లీటర్ల ప్రాణి

కరువు సీమలో ప్రతి వీధికీ ఒక పెద్ద పఫర్ చేప ఉండి తీరాలి! నవ్వకండి. ఈ మాట నేను బాగా ఆలోచించి, పదకొండు రోజుల తర్వాత స్నానం చేసి, పూర్తి స్పృహలో ఉండి రాస్తున్నాను.

పఫర్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. కోపం వస్తే గబగబా నీళ్లు మింగి పొట్ట ఉబ్బించుకునే చేప అది. మింగడానికి ముందు నీళ్లుండాలి కాబట్టి మా ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు. మా ఊరు కదిరి నుంచి గోరంట్ల పోయే దారిలో ఉంది. పేరు మాత్రం చెప్పను. చెబితే వచ్చే ఆ కాస్త ట్యాంకరూ ఆగిపోతుంది.

మా వీధిలో వీరేష్ అని రోడ్ల కాంట్రాక్టరు ఉన్నాడు. మూడేళ్ల కిందట, సరిగ్గా రెండు వేల సంవత్సరంలో, బెంగళూరు నుంచి బొటనవేలంత పఫర్ పిల్లను తెచ్చుకున్నాడు. చిన్న గాజు తొట్టి చాలన్నాడట అంగడివాడు. అమ్మేవాడు ఇంకేమంటాడు? అక్కడ ఫ్లాట్లు అమ్మేవాళ్లూ అదే అంటారు కదా! ఆ పిల్ల నత్తల్ని పెంకుతో సహా నమిలి మింగుతూ (నత్తలు కూడా బెంగళూరు నుంచే వస్తాయి) ఇప్పుడు రెండడుగులు దాటింది. తొట్టిలో ముందుకు పోగలదు గానీ వెనక్కి తిరగలేదు. మా వీధిలోకి వచ్చిన లారీ పరిస్థితే దానిది.

వీరేష్ కాంట్రాక్టరే గానీ మనసున్నవాడు. చేపల పుస్తకం తెప్పించుకుని చదివి, దిగులుపడి నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, దీనికి ఎంత లేదన్నా రెండు వేల లీటర్ల ట్యాంకు కావల్లంట. ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. వారానికొకసారి సగం నీళ్లు పారబోసి కొత్తవి పోయల్లంట. ఇరుకైతే ఎదగదు, రోగమొస్తాది, సచ్చిపోతాది" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అబ్బ, ఒక్క ఇంట్లో ఎన్ని రకాల నీళ్లు! నాకు నిజంగానే అసూయ కలిగింది.

ఒక మంగళవారం పొద్దున లారీలో ట్యాంకు దిగింది. "మన వీధికి ట్యాంకు వచ్చిందంట!" అని ఎవరో అరిచారు. మా జిల్లాలో ట్యాంకు అంటే అర్థం ఒకటే. పది నిమిషాల్లో ముప్పై బిందెలు వరస కట్టాయి. లక్ష్మీదేవమ్మ టెంకాయ కొట్టి, ట్యాంకుకు పసుపు పూసి, కుంకుమ పెట్టింది. కొళాయి ఎక్కడుందో కనపడక దాని చుట్టూ అందరూ మూడుసార్లు తిరిగారు. ఆ రకంగా ప్రదక్షిణ కూడా అయిపోయింది.

"ఏమప్పా, అద్దంతో చేసినారే! లోపల ఎన్ని నీళ్లుండాయో మనకు తెలియల్లనేమో" అని చౌడప్ప తెగ మెచ్చుకున్నాడు. సాయంత్రం అందులోకి చేప దిగింది. అప్పుడు జనం తిట్టిన తిట్లు ఏ పత్రికా అచ్చు వేయదు.

మరి దానికి నీళ్లెక్కడివి అంటారా? వీరేష్ ట్యాంకర్ల ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. పుస్తకంలోని పేజీ జిరాక్స్ జతచేశాడు. మూడో రోజుకల్లా శాంక్షన్! శుక్రవారం శుక్రవారం వీధి మొదట్లో ఆగే ట్యాంకరు ఇప్పుడు హారన్ కొట్టుకుంటూ నేరుగా వీరేష్ గేటు ముందుకే పోతుంది.

వీధి మొదట్లో హనుమక్క టిఫిన్ల బంకు ఉంది. ఉగ్గాని, బజ్జీలు అమ్ముతుంది. ఆ బంకు మీదే ఆమె ఇల్లు నడవాలి, ఇద్దరు పిల్లల చదువు నడవాలి. ఉగ్గానికి బొరుగులు నీళ్లలో తడపాలి కదా! నీళ్లు లేక బంకు తొమ్మిది రోజులు మూతపడింది. దీన్ని కూడా నేను మేలుగానే భావిస్తున్నాను. బజ్జీలు లేక మా వీధి మగవాళ్ల పొట్టలు ఎంత తగ్గాయి! హనుమక్క పొట్ట ఇంకా ఎక్కువ తగ్గింది. ఆమెకు తినడానికే లేకపోయింది.

చివరికి ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. వీధి తరఫున నాలుగేళ్లలో ఇరవయ్యారు అర్జీలు రాసినవాణ్ని నేనే. గుమాస్తా తిప్పేష్ వాటినన్నిటినీ భద్రంగా కట్టకట్టి పెట్టాడు, ఆ కట్ట మీదే కూర్చున్నాడు.

"మీ అర్జీల్లో అంకె యాడుండాది సార్? 'తగినన్ని నీళ్లు' అని రాసినారు. తగినన్ని అంటే ఎన్ని? చేపకు చూడండి, పుస్తకముండాది, లెక్కుండాది. మీకేముండాది?" అన్నాడు.

"మాకు నీళ్లు సాలకుంటే ఏమైతాదప్పా?" అని హనుమక్క అడిగింది.

"చేపయితే సచ్చిపోతాదక్కా. మనుషులు సర్దుకుంటారు."

హనుమక్క బుగ్గలు ఉబ్బాయి, ముక్కుపుటాలు ఉబ్బాయి. నీళ్లు లేకుండా ఉబ్బిన ప్రాణిని నేను అప్పుడే చూడటం. నాకు భయమేసింది.

"అన్నా, రాయి. పేరు హనుమక్క. జాతి పఫర్. పొడుగు అయిదడుగులు. ఉండేది ఆరడుగుల బంకులో. చానా ఇరుకు అని గూడా రాయి" అంది.

రాశాను. వీరేష్ అర్జీలోని పేజీకే ఇంకో జిరాక్స్ తీసి జతచేశాను. తిప్పేష్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. అంకె ఉంది, పుస్తకం ఉంది. "ఇప్పుడు కరెక్టుగా ఉండాది సార్" అని టపీమని స్టాంపు గుద్దాడు!

శనివారం ట్యాంకరు వచ్చి హనుమక్క బంకు ముందే ఆగింది. ఆదివారం ఉగ్గాని తిన్నాం. సోమవారం నుంచి నా ఇంటి ముందు క్యూ మొదలైంది. లక్ష్మీదేవమ్మ ఇంట్లో ఆరు చేపలు, చౌడప్ప ఇంట్లో మనవడితో కలిపి నాలుగున్నర. టైలర్ జిలాన్ నిజాయతీపరుడు. "అన్నా, నేను సన్నగుండా. వెయ్యి లీటర్లు సాలని రాయి" అన్నాడు. ఈ రోజు లెక్కప్రకారం మా వీధిలో మనుషులెవరూ లేరు. పద్నాలుగు ఇళ్లలో అరవై ఒక్క పఫర్లు సుఖంగా కాపురం చేస్తున్నాయి. మీరే చెప్పండి, ఇంత మేలు ఏ నాయకుడు చేశాడు?

చిన్న చిక్కొచ్చిపడింది. జిల్లా నుంచి పెద్ద ఇంజనీరు వచ్చే వారం చేపల్ని స్వయంగా చూస్తాడట. వీధి వీధంతా అద్దాల ముందు నిలబడి బుగ్గలు ఉబ్బించడం సాధన చేస్తోంది. హనుమక్క మాత్రం బంకులో బొరుగులు తడుపుతూ, "అన్నా, మళ్లీ మనుషులమని రాసేస్తాడేమో" అని దిగులుపడుతోంది.

కాబట్టి చదువరులారా, మీ కాళ్లు పట్టుకుంటాను. మేం మనుషులమని ఎవరికీ చెప్పకండి.