పుచ్చుపళ్లు లేని వార్డు

పరాయి రాష్ట్రంలోని వడోద్ వార్డులో ఇక ఒక్క పిల్లకైనా పుచ్చుపన్ను మిగిలితే తన మీసం తీసేస్తానని రవీంద్ర భాయ్ మైకులో ప్రతిజ్ఞ చేశాడు. పార్టీలో తెలుగు కార్మికుల విభాగానికి అధ్యక్షుడాయన. ఆదివారం పెద్ద నాయకుడు వచ్చేలోపు ఈ మహత్కార్యం ముగియాలి. గడువంటే భాయ్‌కి ప్రాణం. పన్నంటే ఏమిటో తర్వాత తెలుసుకోవచ్చు.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది లస్మయ్య. ముప్ఫయ్యేళ్లుగా సాంచల షెడ్డులో, మరమగ్గం మీద చీరబట్ట నేస్తున్నాడు. ఏడేళ్ల మనవరాలు ఇందుజ వెనకపన్ను మీద నల్లచుక్క కనపడి వారమైంది. భాయ్ రూపంలో దేవుడే దిగాడనుకున్నాడు.

శుక్రవారం క్యాంపుకు రైల్వే కాలనీ నుంచి డాక్టర్ కాత్యాయని వచ్చింది. ఇందుజ నోట్లో చిన్న అద్దం పెట్టి చూసింది.

"ఇది పాలపన్ను కాదండీ. ఆరేళ్లకు వచ్చే పన్ను, పోతే మళ్లీ రాదు. చుక్క చిన్నదే. శుభ్రం చేసి పూత వేస్తే ముసలిదయ్యేదాకా ఉంటుంది. మిగతా పిల్లలకు పుచ్చకముందే వేసేద్దాం."

"ఎయ్యి బిడ్డా, నీ కడుపు సల్లగుండ," అన్నాడు లస్మయ్య.

భాయ్ అడ్డొచ్చాడు. "మేడమ్, ఆ పూత ఫోటోల కనపడుతదా?"

"కనపడదండీ. లోపలి పళ్లు కదా."

"మరి పుచ్చకముందే ఏస్తే, మేమే ఆపినమని ఎట్ల సూపియ్యాలె?"

"పదేళ్ల తర్వాత తెలుస్తుంది."

"ఎలక్షన్ పది నెలలకే ఉన్నది మేడమ్."

ఆమెకు శాలువా కప్పి సాగనంపారు. శాలువా ఫోటోలో బాగా కనపడింది.

శనివారం మరొకాయన వచ్చాడు. ఆయన దగ్గర అద్దం లేదు, పటకారు ఉంది. ఫారంలో గడి ఒక్కటే: పుచ్చుపళ్లు ఎన్ని? అందులో సున్నా పడాలి. పన్నే లేకపోతే పుచ్చెక్కడిది? ఇంత సూక్ష్మం కాత్యాయనికి అయిదేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు.

"భాయ్, ఇది మళ్ల రాదన్నది గదా ఆమె!" అన్నాడు లస్మయ్య.

"పిల్లల పండ్లు రాక యాడికి పోతయి కాకా?"

"జర ఆగు భాయ్. సుక్కనే గదా..."

"నీ ఒక్క పిల్లతోని వార్డంత ఫెయిలైతది. నా మీసం పోతది. అవునుగని, నీ రూమ్ ఎవలిప్పిచ్చిన్రు కాకా?"

లస్మయ్య మనవరాలిని పటకారాయన ముందు కూర్చోబెట్టాడు. రూమ్ భాయ్ ఇప్పించిందే. ఇందుజ కేక పెట్టింది. మైకులో దేశభక్తి పాట సౌండు పెంచారు.

ఆదివారం పెద్ద నాయకుడు సున్నా రాసిన సర్టిఫికెట్ ఎత్తి చూపించాడు. నూట ముప్పైమంది పిల్లలు దూది కరుచుకుని, మూతులు బిగించి నవ్వారు. భాయ్ మీసం దువ్వాడు.

జనం వెనక నిలబడి ఇందుజ తన పన్నును షెడ్డు రేకుల మీదికి విసిరింది. పన్ను ఊడితే ఇంటిమీదికి విసరాలనీ, అప్పుడే కొత్తది వస్తుందనీ ఎప్పుడో తాతే చెప్పాడు.

"తాతా, ఎన్ని దినాలకు వస్తది?"



మైకు మళ్లీ గరగరమంది. "అన్నలారా, అక్కలారా! వచ్చే నెల, మసక కండ్లు లేని వార్డు!"

లస్మయ్య కళ్లద్దాలు తీసి జేబులో దాచుకున్నాడు. మనవరాలి చెయ్యి పట్టుకుని, గోడ తడుముకుంటూ ఇంటిదారి పట్టాడు.