చిక్కుడు గింజల ఎన్నిక

ఆదివారం పొద్దున అనెస్టిస్ మాస్టారు సూపు కోసం తెచ్చుకున్న తెల్ల చిక్కుడు గింజల్లోంచి ఆరింటిని ఏరి, ఐదింటికి నల్ల సిరా పూశారు. మధ్యాహ్నం లోపు ఆయన ఉండే ఏథెన్స్ అపార్ట్‌మెంటు వాళ్ళ సభ ఉంది. ఆరు వాటాల వాళ్ళూ కుండలో చెయ్యి పెట్టి తలా ఒక గింజ తీయాలి. తెల్లది ఎవరికొస్తే వాళ్ళే మేనేజరు. పూర్వం ఈ ఊళ్ళో అధికారులను ఇలాగే ఎంచుకునేవారని, ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదని ఆయన ఉద్యోగం చేసినంతకాలం బడిలో చెప్పారు. కిందటి వారం లిఫ్టు తలుపు మీద కూడా అదే రాసి అంటించారు.

పోయిన చలికాలం దాకా మేనేజరు ఆయన భార్య అరెతీ. ఆమె పోయాక ఎవరూ ముందుకు రాలేదు. ఆమె పెరట్లో నాటిన నిమ్మచెట్టును కొట్టించి, అక్కడ మోటారుసైకిలు పెట్టుకోవాలని రెండో అంతస్తు మిల్టోస్ చూస్తున్నాడు. చెట్టు కొట్టాలంటే సభ ఒప్పుకోవాలి. సభను పిలవాల్సింది మేనేజరు. తానే మేనేజరైతే ఆ సభను ఎన్నటికీ పిలవనక్కర్లేదని మాస్టారి లెక్క. అందుకని ఆయన ఇంకో తెల్ల గింజను అరచేతిలో దాచుకుని కిందికి దిగారు. ఇలాంటి పని ఆయన ఎప్పుడూ చేయలేదు. చేతికి చెమట పట్టింది.

"ఏం మాస్టారూ, చేతికేమైంది?" అన్నాడు మిల్టోస్. అతను ఆయన శిష్యుడే.

"ఏం లేదు. చలి."

"ఈ ఎండలోనా?"

"తొందరగా కానివ్వండర్రా, పొయ్యి మీద కూర మాడుతోంది," అంది కింది వాటా ముసలావిడ డియమాంతో.

ఒక్కొక్కరే కుండలో చెయ్యి పెట్టి, పిడికిలి మూసి తీశారు. తరవాత విప్పారు. అందరిదీ నలుపే. మాస్టారు చివరికి విప్పారు. ఆయనదీ నలుపే. పొద్దున వేళ్ళకు అంటిన సిరా చెమటకు కరిగి గింజంతా పట్టింది.

"మరి తెల్లదేదీ?"

మిల్టోస్ కుండ బోర్లించాడు. ఆరు గింజలూ కింద రాలాయి, తెల్లదానితో సహా; ఎవరూ ఒక్కటీ తీయలేదు. డియమాంతో చేతిలోని గింజ బూటు పాలిష్ వాసన వేస్తోంది.

"నువ్వు కూడానా మామ్మా?" అన్నాడు మిల్టోస్.

"నాకంటే మోకాళ్ళ నొప్పులు. నీకేం రోగం?"

మిల్టోస్ మాస్టారి వైపు తిరిగాడు. "మాకు అన్ని పాఠాలు చెప్పి, మీరూ తప్పించుకుందామనేనా?"

ఆ మాట ఆయన తట్టుకోలేకపోయారు. గింజను రుమాలుతో తుడిచారు. తెల్లగా బయటపడింది. "నేను తప్పించుకోవాలనుకోలేదు."

"కావాలని మేనేజరవుదామనా!" డియమాంతో గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒంట్లో బాగానే ఉందా నాయనా?"

"అయితే మీరు పనికిరారు మాస్టారూ," అన్నాడు మిల్టోస్. "పదవి మీద ఆశపడేవాడికి అది దక్కకూడదనే కదా ఈ పద్ధతి? ఆ జవాబుకే మీరు నాకు నిండా మార్కులు వేశారు."

జవాబు సరైనదే. మాస్టారు తల వంచుకుని తన వంతు నల్ల గింజ ఒకటి తీసేశారు. మిగతావాళ్ళు చొక్కా చేతులు పైకి మడిచి మళ్ళీ తీశారు. తెల్లది మిల్టోస్‌కి వచ్చింది.

ఆ వారమే మిల్టోస్ చెట్టు సంగతి తేల్చడానికి సభ పిలిచాడు. నాలుగు వాటాల వాళ్ళు దిగలేదు. మళ్ళీ పిలిచాడు. "ఇంకా గింజలేనా?" అంటూ డియమాంతో తలుపు గడియ వేసుకుంది.

ప్రతి సభకూ తప్పకుండా వచ్చేది మాస్టారొక్కరే. ఇద్దరితో సభ చెల్లదని మేనేజరుకు గుర్తు చేసి, రెండు నిమ్మకాయలు కోసుకుని పైకి వెళ్ళిపోతారు.