మూడో ప్రకటన, మటన్ లేని విందు

శుక్రవారం పొద్దున గాబ్రియేలు చర్చి ఆఫీసుకు ఒక్క పని మీద వచ్చాడు. కూతురు నిస్సి పెళ్లి ప్రకటన ఆదివారం మూడోసారి చదవాలి. మూడు ఆదివారాలూ ఎవరూ అభ్యంతరం చెప్పకపోతేనే బుధవారం పెళ్లి. ఆ ప్రకటనను చర్చి వెబ్‌సైటులో పెట్టాల్సింది గుమాస్తాగా తనే. పాస్టరు జకరయ్య ఆ పేజీని ఫోనులో చూసి, ఉన్నది ఉన్నట్టు చదువుతారు.

ముందు వారమే కమిటీ కార్యదర్శి జాన్సన్ వెబ్‌సైటును క్లౌడుకు మార్చాడు. జాన్సన్ పెళ్లికొడుకు అనూప్‌కు మేనమామ.

"అన్నా, ఇప్పుడు పేజీ రాసేటందుకు రెండు ఎడిటర్లున్నయ్. పాతదొకటి, కొత్తదొకటి. రెండూ చూసి ఏది మంచిగున్నదో చెప్పు. ఇంకోటి తీసేస్తరు."

"నడుస్తున్నదాన్ని తీసుడెందుకు?"

"నేను తీస్తలేనన్నా. వెబ్‌సైటు కంపెనీవాళ్లు అడుగుతున్నరు."

మెదక్‌లో ఒక గుమాస్తాకు ఏది నచ్చిందో కంపెనీవాళ్లకెందుకని గాబ్రియేలుకు అనుమానం వచ్చింది. అయినా పోల్చాలంటే రెండూ కళ్ల ముందుండాలి. ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది తెరిచాడు. వెంటనే పైన ఒక వాక్యం వచ్చింది: "మరొకరు కూడా ఈ పేజీలో ఉన్నారు."

గాబ్రియేలు లేచి కిటికీలోంచి బయటికి చూశాడు. ఎవరూ లేరు. మళ్లీ కూర్చుని పది నిమిషాలు గమనించాడు. తను రాస్తే తెర మీద అవతలి మనిషి గుర్తు కదులుతోంది. తను చాయ్ కోసం ఆగితే అతనూ ఆగుతున్నాడు. ఇంత ఓపికగా కాపలా కాయాల్సిన అవసరం మగపెళ్లివారికే ఉంటుంది. అంటే జాన్సనే.

పట్టుకోవాలంటే ఎర వేయాలి. ముందు పాత ఎడిటర్లో ప్రకటన రాసి "ప్రచురించు" నొక్కాడు. తర్వాత కొత్తదాంట్లో దాని కింద ఒక వాక్యం రాశాడు: "విందులో మటన్ ఉండదు." ఇది చదివాక జాన్సన్ నోరు మూసుకుని ఉండలేడు. "ప్రచురించు" నొక్కితే తప్ప రాసింది బయటికి పోదన్నది పాత ఎడిటర్ నేర్పిన పాఠం. కొత్తదీ అంతే అనుకుని, ఏమీ నొక్కకుండా రెండూ మూసి ఇంటికి పోయాడు.

శనివారం బజారులో మటన్ దుకాణం యూనుస్ పిలిచాడు.

"గాబ్రియేలు భాయ్, మా మటన్‌ల ఏం తప్పు దొరికింది?"

"ఎవలన్నరు?"

"పొద్దుగాల జాన్సన్ వచ్చిండు. పెండ్లికి మటన్ వద్దన్నడా అని అడిగిండు."

గాబ్రియేలు నవ్వుకున్నాడు. "ఆర్డర్ ఆర్డరే భాయ్. జర ఎవలికీ చెప్పకు."

ఇంట్లో భార్య సౌభాగ్యమ్మ గుమ్మంలోనే ఆపింది. "అల్లాదుర్గ్ నుంచి వియ్యపురాలు ఫోన్ చేసింది. మీ ఇంట్ల అందరికీ పానం మంచిగున్నదా అని రెండుసార్లు అడిగింది. ఏం చేసినవయ్యా?"

"నేనేం చెయ్యలే. చేసినోన్ని రేపు అందరి ముంగట అడుగుత."

ఆదివారం పాస్టరు ఫోను చూసి చదివారు. "అనూప్, నిస్సిల వివాహానికి ఇది మూడవ ప్రకటన. విందులో మటన్ ఉండదు." తర్వాత అలవాటు ప్రకారం అడిగారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

పెళ్లికొడుకు నాయనమ్మ ఎలిశిబా చేతికర్ర ఊతంతో లేచింది. "ఉన్నది అయ్యగారు. పెండ్లికి మటన్ ఎందుకు పెడుతలేరు? పిల్ల తరఫోళ్లు ఏమన్న దాస్తున్నరా?"

నిస్సి తండ్రి వైపు చూసింది. గాబ్రియేలు లేచి జాన్సన్ వైపు వేలు చూపాడు.

"దాసేది నేను గాదు. గీయన దొంగతనంగ నా పేజీల కూసున్నడు. గాయన్ని పట్టేటందుకు నేను గది రాసిన."

"అన్నా, గది శుక్రవారం నుంచి ఊరందరికీ కనబడుతున్నది," అన్నాడు జాన్సన్. "కొత్త ఎడిటర్ రాసింది రాసినట్టే బయట పెడుతది. నేనూ అందరిలెక్కనే చదివిన." ఫోనులో పేజీ చరిత్ర తెరిచాడు. "ఆ రోజు పేజీల ఇద్దరే ఉన్నరు. పాతదాంట్ల ఒక గాబ్రియేలు, కొత్తదాంట్ల ఒక గాబ్రియేలు."

వెనక వరుసల్లో ఎవరో దగ్గారు. పాస్టరు ఎలిశిబా వైపు తిరిగారు. "అభ్యంతరం రాసుకోమంటావా అమ్మా?"

"మటన్ ఉన్నదా, లేదా? గదొక్కటి చెప్పమనుండ్రి."

"ఉన్నది," అన్నాడు గాబ్రియేలు, నేల చూస్తూ.

"అయితే నాకేం అభ్యంతరం లేదు," అని ఆమె కూర్చుంది.

సోమవారం జాన్సన్ ఏ ఎడిటర్ ఉంచాలని అడగడానికి వచ్చేసరికి, గాబ్రియేలు చర్చి గేటు పక్కన, ఒకప్పుడు ప్రకటనలు రాసిన నల్లబల్లకు తలుపు పెట్టించి తాళం బిగిస్తున్నాడు.